మైట్రల్ వాల్వ్‌కి బెలూన్ చాలా, వాల్వే మార్పించాలా?

సీమబిడ్డ:
మా చెల్లికి 24 ఏళ్లు. చిన్నప్పుడు కీళ్ల వాపులతో జ్వరం వచ్చింది. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం. ఎకోలో మైట్రల్ స్టెనోసిస్ (గుండె ఎడమ పక్క రెండు గదుల మధ్య వాల్వ్ సన్నబడటం), వాల్వ్ ఏరియా 0.9 చదరపు సెం.మీ. అని రాశారు. కర్నూలులో డాక్టరు గారు కోత లేకుండా బెలూన్‌తో తెరుద్దాం, ముందు గొంతులోంచి ఇంకో ఎకో చేయాలి అన్నారు. మా మేనమామేమో "మళ్లీ మళ్లీ ఈ గొడవెందుకు, ఒకేసారి వాల్వ్ మార్పించేయండి" అంటున్నాడు. చెల్లికి పెళ్లై ఏడాదే. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

తెనాలి అమ్మాయి:
నాకు ఆరోగ్యశ్రీ కార్డు మీద చేశారండీ. మెలకువగానే ఉన్నా, గజ్జల దగ్గర మాత్రం మత్తు సూది వేశారు. బెలూన్ ఉబ్బించినప్పుడు కాసేపు కళ్లు తిరిగాయి, అంతే. నిజం చెప్పాలంటే గొంతు ఎకోయే కష్టం, వాంతి వచ్చినట్టు ఉంటుంది.

క్యాథ్‌ల్యాబ్ మాజీ:
నేను డాక్టర్ని కాదు, క్యాథ్ ల్యాబ్ (గుండెకి గొట్టాలతో చికిత్స చేసే గది) టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. మీ చెల్లెలి లాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. చిన్నప్పటి ఆ కీళ్ల జ్వరమే వాల్వ్‌ని ఇలా చేస్తుంది, ఎక్కువగా పేదిళ్ల మీదే పడుతుంది ఈ జబ్బు.

గజ్జల్లో సిరలోంచి గొట్టం గుండె కుడి పై గదికి వెళ్తుంది. అక్కడ మధ్య గోడకి సూదితో చిన్న రంధ్రం చేసి ఎడమ పక్కకి దాటిస్తారు. గుండెకి చిల్లా అని హడలిపోకండి, చాలామందికి అది కొన్ని నెలల్లో పూడిపోతుంది. బెలూన్‌లో గాలి నింపరు, ఎక్స్‌రేలో కనబడే మందు కలిపిన సెలైన్ నింపుతారు. రెండు కొసలూ ఉబ్బి, వాల్వ్ పట్టుకున్నచోట నడుము సన్నగా, డమరుకంలా కనిపిస్తుంది. ఇంకాస్త నింపితే ఆ నడుము మాయమవుతుంది. అతుక్కున్న రెక్కలు విడినట్టే. సైజు లెక్క కూడా తమాషాగా ఉంటుంది: ఎత్తు సెంటీమీటర్లలో పదో వంతు తీసి పది కలపాలి. 150 ఉన్న మనిషికి 25 మిల్లీమీటర్లు. అదీ ఒక్కసారిగా కాదు, తక్కువతో మొదలుపెట్టి పెంచుతారు. 1982లో దీన్ని మొదట చేసిన జపాన్ డాక్టర్ కంజి ఇనోవే స్వయంగా గుండె సర్జన్. ఛాతీ కోసే మనిషే కోత తప్పించాడు చూడండి!

గొంతు ఎకో మాత్రం వద్దనకండి. ఎడమ పై గదిలో రక్తం గడ్డ ఉంటే గొట్టం తగిలి అది మెదడుకి పోవచ్చు, పక్షవాతం వస్తుంది. గడ్డ కనబడితే మందులిచ్చి ఆగుతారు. వాల్వ్ బాగా లీకవుతున్నా, సున్నం పట్టి బిగుసుకున్నా బెలూన్ కుదరదు, అప్పుడు మీ మేనమామ మాటే రైటు. రెక్కలు మెత్తగా ఉంటే ఈ వయసులో మార్పిడి ఎందుకు? లోహపు వాల్వ్ పెడితే జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ మాత్రలు, ఆ మోతాదు సరిపోయిందో లేదో చూసే ఐఎన్ఆర్ రక్తపరీక్షలు. కడుపుతో ఉన్నప్పుడు ఆ మాత్రలతో బిడ్డకి ప్రమాదం. బెలూనూ శాశ్వతం కాదు, కొన్నేళ్లకి మళ్లీ సన్నబడొచ్చు. అరుదుగా రెక్క చిరిగి అప్పటికప్పుడు ఆపరేషన్ అవసరం పడుతుంది కాబట్టి గుండె సర్జన్ ఉన్న ఆసుపత్రిలోనే చేయించండి. పిల్లల సంగతి ఆ తర్వాత.

సీమబిడ్డ:
థాంక్స్ అన్నా. ఆ జ్వరం తిరగబెట్టకుండా వేయించే పెన్సిలిన్ ఇంజెక్షన్ బెలూన్ అయ్యాక ఆపేయొచ్చా? మూడు వారాలకోసారి ఆ నొప్పికి ఏడుస్తోంది.

క్యాథ్‌ల్యాబ్ మాజీ:
ఆపొద్దు తమ్ముడూ. ఆ జ్వరం తిరగబెడితే తెరిచిన వాల్వే మళ్లీ చెడుతుంది. ఎన్నేళ్లు వేయించాలో మీ డాక్టరు గారే చెప్పాలి. నొప్పికైతే లిగ్నోకైన్ (తిమ్మిరెక్కించే మందు) కలిపి, మెల్లగా ఎక్కించడం కుదురుతుందేమో ఆయన్నే అడగండి.