నలభై దాటాక కరాటే: తుంటి పట్టేస్తుంటే కాలు ఎత్తు పెరుగుతుందా?

ప్రశ్న (వరంగల్):

అందరికీ నమస్కారం. నా వయసు 43 సంవత్సరాలు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి కొనుగోళ్ల లెక్కలు చూస్తాను కాబట్టి సీజన్‌లో పొద్దంతా కుర్చీలోనే గడుస్తుంది. సాయంత్రాలు హనుమకొండలో షోటోకాన్ శైలి కరాటే నేర్చుకుంటున్నాను. గతంలో బైక్ ప్రమాదంలో కుడి చీలమండ విరిగితే ప్లేటు వేశారు. ఎముక బాగానే అతుక్కుంది, కానీ జెన్‌కుత్సు దాచిలో (ముందు మోకాలు వంచి, వెనుక కాలు చాచి నిలబడే భంగిమలో) కుడి కాలు వెనక్కి పెడితే మడమ నేలకు ఆనదు. దానికి తోడు, మవాషి గెరి (పక్క నుంచి తిప్పి వేసే కిక్) కోసం ఎడమ మోకాలు ఎత్తి లోపలికి తిప్పగానే గజ్జ దగ్గర, తొడ మొదట్లో, గుచ్చినట్టు నొప్పి వస్తుంది. స్ప్లిట్స్ (కాళ్లు పూర్తిగా చాపి కూర్చోవడం) సాధన చేసేటప్పుడు ఇద్దరు మోకాళ్లు పట్టుకుంటే ఒకరు వీపు మీద ఒత్తుతారు. మర్నాడు మెట్లు దిగడం కూడా కష్టమవుతోంది. బ్రౌన్ బెల్ట్ పరీక్ష రాయాలని గట్టిగా అనుకుంటున్నాను. ఈ శరీరంతో కాలు ఎత్తు పెంచుకునే మార్గం ఉందా?

సమాధానం 1 (ఫిజియోథెరపిస్ట్, కరీంనగర్):

ముందుగా, వీపు మీద ఒత్తించుకోవడం ఈ రోజే మానేయండి సార్. ఎంత లాగాలి అనే ప్రశ్న కంటే ముందు, మిమ్మల్ని ఆపుతున్నది ఏమిటో తేల్చుకోవాలి. తొడ వెనుకనో లోపలి వైపునో పొడవునా సాగుతున్నట్టు అనిపిస్తే అది కండరం, ఓపికతో సాగుతుంది. మీరు చెప్పినట్టు గజ్జలో ఒకే చోట గుచ్చితే, తొడ ఎముక మెడభాగం తుంటి గిన్నె అంచుకు తగులుతూ ఉండే అవకాశం ఉంది. గిన్నె లోతూ, ఎముక వంపూ మనిషి మనిషికీ వేరుగా ఉంటాయి. ఎముక ఎముకకు తగిలే చోట ఎంత సాగదీసినా లాభం లేదు, పైగా కీలు అంచున ఉండే మెత్తని కణజాలం దెబ్బతింటుంది. ఆ నొప్పి కొనసాగుతుంటే ఆర్థోపెడిక్ వైద్యునికి చూపించి ఎక్స్‌రే తీయించుకోండి.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. గోడ పట్టుకొని నిలబడి, చేత్తో మోకాలిని ఎంత ఎత్తుకు తేగలరో చూసి, అక్కడ చెయ్యి వదిలేయండి. కాలు వెంటనే జారిపోతే మీకు కొరవడింది సాగే గుణం కాదు, ఆ ఎత్తులో కాలిని నిలిపే బలం. పొద్దంతా కూర్చునే వారిలో ఇది చాలా ఎక్కువగా కనిపిస్తుంది. నొప్పి లేని ఎత్తులో కాలిని ఐదారు సెకన్లు నిలిపి నెమ్మదిగా దించడమే దానికి మందు. క్లాసుకు ముందు కాళ్లు ఊపడం, మోకాళ్లు ఎత్తుతూ నడవడం వంటివి చేయండి. కదలకుండా పట్టి ఉంచే స్ట్రెచింగ్ క్లాసు అయ్యాక, ఒక్కోసారి 30 సెకన్ల చొప్పున రెండు మార్లు, వారంలో కనీసం రెండు మూడు రోజులు చేస్తే చాలు. ఒక కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి వెంటనే కిక్ వేస్తే, ఆ కాసేపు వేగమూ బలమూ తగ్గుతాయి.

చీలమండ విషయానికి వస్తే, గోడకు ఎదురుగా నిలబడి మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించండి. బొటనవేలికీ గోడకూ మధ్య దూరాన్ని రెండు కాళ్లకూ కొలిచి ఇక్కడ రాయండి.

సమాధానం 2 (కరాటే శిక్షకుడు, కాజీపేట):

తమ్ముడూ, మవాషి గెరి తల ఎత్తుకు లేవకపోతే కరాటే రాదన్న భయం వదిలేయి. హెయాన్ షోదాన్ అనే కటాలో (వరుస కదలికల సాధనలో) అసలు కిక్కే లేదు. గెదాన్ (నడుము కింద), చుదాన్ (పొట్ట, ఛాతీ) ఎత్తుల్లో సూటిగా, తూకం తప్పకుండా పడిన కిక్‌కు నేను ఎప్పుడూ విలువ ఇస్తాను. ముందు నీ నిలబడిన కాలిని చూసుకో. ఆ పాదాన్ని బాగా వెనక్కి తిప్పితే నడుము దానంతట అదే తిరుగుతుంది, తుంటి మీద ఒత్తిడి తగ్గుతుంది. పాదం ముందుకే పెట్టి కాలు తిప్పేవాళ్లకే గజ్జ ఎక్కువగా పట్టేస్తుంది. నీకు ఎడమ కాలితో కిక్ వేసేటప్పుడు ప్లేటు వేసిన కుడి కాలి మీదే తిరగాలి కాబట్టి, అక్కడ నువ్వు తిరగకుండా ఆగిపోతున్నావేమోనని నా అనుమానం. కుర్చీ వీపు పట్టుకొని, కిక్ వేయకుండా, ఆ పాదం తిప్పడం ఒక్కటే సాధన చేయి. జెన్‌కుత్సులో అడుగు కొంచెం కురచ చేసుకో. మడమ లేపి పొడుగ్గా నిలబడటం కంటే ఆనించి పొట్టిగా నిలబడటం మేలు. ఈ సంగతులన్నీ మీ మాస్టర్‌కు పరీక్షకు ముందే చెప్పు.

సమాధానం 3 (తైక్వాండో విద్యార్థిని, మంచిర్యాల):

అన్నా, నాకు నడుము డిస్క్ సమస్య ఉంది కాబట్టి ఒక్క మాట కలుపుతాను. ముందుకు వంగి స్ట్రెచింగ్ చేసేటప్పుడు పిక్కలోకో పాదంలోకో తిమ్మిరి, జివ్వుమనే లాగుడు దిగితే అది కండరం కాదు, నరం. దాన్ని పట్టి ఉంచకూడదు. నేను వెల్లకిలా పడుకొని, రెండో మోకాలు మడిచి, తువ్వాలుతో ఒక్కో కాలు లేపుతాను. నడుము నేలకే ఉంటుంది. ఎత్తు గురించి బాధపడకండి, వైకల్యం ఉన్నవారి పారా తైక్వాండో పోటీల్లో తలకు కిక్ వేయడానికే అనుమతి లేదు, పాయింట్లన్నీ ఛాతీ కవచం మీదే వస్తాయి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. కొలిచాను: ఎడమ 10 సెంటీమీటర్లు, కుడి 4. చేయి వదలగానే ఎడమ కాలు నిజంగానే జారిపోయింది. కుడి చీలమండ ఇంకా వదులవుతుందా?

సమాధానం 1 (ఫిజియోథెరపిస్ట్, కరీంనగర్):

మోకాలు గోడకు తాకించినప్పుడు పిక్క వెనుక లాగితే ఇంకా సాగుతుంది. రోజూ అదే పరీక్షను వ్యాయామంగా చేయండి. చీలమండ ముందు వైపున గట్టిగా అడ్డు తగిలినట్టు ఉంటే అది ఎముకో ప్లేటో కావచ్చు, దాన్ని బలవంతం చేయవద్దు. మాస్టర్ చెప్పినట్టు అడుగు కురచ చేసుకోండి. ఎక్స్‌రే తీయించేటప్పుడు తుంటితో పాటు చీలమండకు కూడా తీయించండి.