సమస్యాపూరణం: నిలిచి యుండియె పరుగెత్తె నేడు చూడు

పైన ఇచ్చిన తేటగీతి పాదమే ఈ వారం సమస్య. దాన్ని నాలుగో పాదంగా పెట్టి ముందు మూడు పాదాలు రాయాలి. నిలిచి ఉండి పరుగెత్తడమనే విరోధాన్ని ఇంగ్లీషు ‘రన్’ క్రియను ఆసరా చేసుకుని విప్పాలి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆ ఒక్క క్రియకే 600 పైచిలుకు అర్థాలు చూపింది. మనకు ఏరు పారుతుంది, ముక్కు కారుతుంది, కొట్టు నడుస్తుంది, సినిమా ఆడుతుంది. అక్కడ అన్నిటికీ ‘రన్’ సరిపోతుంది. నా షరతు ఒకటే: ఇంగ్లీషు రాని పెద్దమ్మకు చదివి వినిపించినా పద్యం అర్థం కావాలి.

ఆమదాలవలస సభ్యుడు:

ఊరి పెద్ద మా వార్డున నోటుకొరకు
నామినేషను వేసెను నమ్మకముగ
అమెరికాలోన దీనినే యండ్రు రన్ను
నిలిచి యుండియె పరుగెత్తె నేడు చూడు

పరిశీలన: గణాలు, యతులు కుదిరాయి. ఊహ కూడా మంచిదే. ఎన్నికల్లో మనం నిలబడతాం, బ్రిటన్‌లోనూ ‘స్టాండ్’ అంటారు, అమెరికాలో మాత్రం ‘రన్’. కానీ ఓటు సంధిలో పడి నోటైంది. ఎన్నికల పద్యంలో ఆ అర్థం రాకూడదు. ‘నోటుకొరకు’ బదులు ‘నుత్సహించి’ అంటే చిక్కు పోతుంది. పెద్ద లోటు మూడో పాదం. అది నిఘంటువులా అర్థం చెప్పేసింది.

సభ్యుడు: మాస్టారూ, ఆ పాదం తీసేస్తే విరోధం ఎలా విడుతుంది?

విడదు బాబూ. అందుకే వేరే అర్థం వెతకమంటున్నాను.

రాజాం నుంచి వచ్చిన పూరణలో రెండు పాదాల్లో యతి తప్పింది, సరిచేసి పంపండి.

విజయనగరం సభ్యురాలు:

బొబ్బిలికిఁ బోవు బస్సది పొగలు చిమ్మి
కదలకుండెను మలుపున గంటసేపు
ఇంజనొక్కటె లోలోన నెగిరిపడగ
నిలిచి యుండియె పరుగెత్తె నేడు చూడు

పరిశీలన: ‘బండి రన్నింగ్‌లోనే ఉంది’ అని బస్సు కాంప్లెక్స్‌లో డ్రైవర్లు రోజూ అనేదే ఇది. ‘రన్’ అన్న మాట పద్యంలో ఎక్కడా లేదు, అయినా పని అంతా దానిదే. మూడో పాదం చదువుతుంటే సీటు కింద అదురు తెలుస్తోంది. ఒక్క సందేహం: ఆగింది బస్సు, పరుగెత్తింది ఇంజను. కర్తలు ఇద్దరైతే విరోధమే లేదు కదమ్మా?

సభ్యురాలు: బస్సుతో పాటు ఇంజనూ అక్కడే ఆగి ఉంది కదండీ. అందుకే ‘ఒక్కటె’ అన్నాను.

ఆ ఉద్దేశం సరైనదే, కానీ ‘పడగ’ దాన్ని నిలవనివ్వడం లేదు. ‘ఇంజను ఎగిరిపడగా’ అనగానే తర్వాతి క్రియకు మరో కర్త కావాలనిపిస్తుంది, మనసు బస్సు వైపు పోతుంది. ‘నెగిరిపడుచు’ అనండి. గణం చెడదు, ఆగిందీ పరుగెత్తిందీ ఇంజనే అవుతుంది. ఈ వారం మొదటి స్థానం ఈ పద్యానికే.