అప్‌డేట్: అమ్మ పెట్ స్కాన్ రిపోర్టు వచ్చింది

రొమ్ము క్యాన్సర్ ఎముకలకు, కాలేయానికి పాకిన మా అమ్మ స్కాన్‌కి ముందు డాక్టరుని ఏమేం అడగాలని పోయిన నెల ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

రిపోర్టు కొంత మంచి, కొంత చెడు. ఈ స్కాన్‌లో చురుగ్గా ఉన్న క్యాన్సర్ మచ్చలు మెరుస్తూ కనిపిస్తాయి; వెన్నెముకలో, తుంటిలో ఆ మెరుపు బాగా తగ్గింది. కాలేయంలో మాత్రం ఒక గడ్డ 14 నుంచి 21 మిల్లీమీటర్లకు పెరిగింది. అమ్మ ఇప్పుడు వాడుతున్న క్యాన్సర్ మందులు పాల్బోసిక్లిబ్, లెట్రోజోల్ వెంటనే మార్చడం లేదు. ముందు ఆ గడ్డకు బయాప్సీ చేసి (చిన్న ముక్క తీసి పరీక్షించి), హార్మోన్ రిసెప్టర్లు, హెర్-2 (ఏ మందు పనిచేస్తుందో చెప్పే, క్యాన్సర్ కణాల్లోని ప్రోటీన్లు) మారాయేమో చూస్తారట. పాకిన చోట కణాల తీరు ఒక్కోసారి మారుతుందన్నారు డాక్టరుగారు. ఫలితానికి 10 రోజులు పడుతుంది.

"నడుం నొప్పి తగ్గింది కదే, అదీ లెక్కలో వేసుకో" అంది అమ్మ. నాకేమో ఆ కాలేయం మాటే కళ్లముందు తిరుగుతోంది, టెన్షన్‌తో నిద్ర లేదు. పొద్దున తనే లేచి పెసరట్లు వేసింది. రెండు తింది.