పన్నెండు వేలలో ఊడ్పుల పాటలు, రేవు చప్పుళ్లు రికార్డు చేయాలి. ఏం కొనమంటారు?

రేవుదారి

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. ఉద్యోగం బ్యాంకులో. ఆదివారాలు, రెండో శనివారాలు తప్ప తీరిక ఉండదు.

మా పెద్దమ్మ, ఆవిడ జట్టు ఆడవాళ్లు ఊడ్పుల్లో పాడే పాటలు రికార్డు చేద్దామని నా ఆలోచన. ఈ దాళ్వాకి (రబీ వరికి) మా చేలో మనుషులే ఊడుస్తున్నారు. వచ్చే సార్వాకి (ఖరీఫ్‌కి) ఎలా ఉంటుందో తెలీదు, మా చుట్టుపక్కల చాలామంది మిషన్లకి మారిపోతున్నారు. పాటలతో పాటు సఖినేటిపల్లి రేవులో జనాన్ని, బళ్లని గోదావరి దాటించే పంటు ఇంజను, కొబ్బరి తోటలో దింపు జరిగేటప్పుడు కాయలు దబదబా పడే చప్పుడు కూడా పట్టాలనుంది. వీలైతే కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం కూడా.

ఫోన్‌తో చేసి చూశాను. ఇంట్లో కూర్చోబెట్టి పాడిస్తే పర్వాలేదు. చేలోకి వెళ్తే గాలి బుడబుడమని పాటని మింగేస్తోంది. ఇంకో వింత ఏంటంటే, పెద్దమ్మ గొంతెత్తగానే వెనక కప్పల అరుపు, నీళ్ల చప్పుడు మాయమవుతున్నాయి. ఆవిడ ఊపిరి తీసుకునే చిన్న సందులో అవన్నీ ఒక్కసారి పైకి లేస్తున్నాయి. చరణం చరణానికీ ఇదే తంతు. వినలేకపోతున్నాం.

అన్నీ కలిపి పన్నెండు వేలు పెట్టగలను. అమలాపురంలో పెళ్లి వీడియోలు తీసే తమ్ముడొకడు ‘షాట్‌గన్ మైకు కొనక్కా, ఎక్స్‌ఎల్‌ఆర్ (పెద్ద మైకుల వైరు పెట్టే మూడు పిన్నుల సాకెట్) ఉన్న రికార్డరు సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పిస్తాను’ అంటున్నాడు. ఇంకొకరు 32-బిట్ ఫ్లోట్ లేకపోతే దండగ అన్నారు. నాకు వడ్డీ లెక్కలు తప్ప డెసిబెల్స్ లెక్కలు రావు. ఫోన్‌కే మంచి మైకు పెట్టుకోవాలా, రికార్డరే కొనాలా? దయచేసి అర్థమయ్యేలా చెప్పండి.

పాతటేపు

ముందు ఆ వింత సంగతి చెప్తానమ్మా. అది మీ ఫోన్ చెడిపోయి కాదు. ఫోన్ మైకుని మాట్లాడుకోవడానికి చేశారు. పెద్ద గొంతు వస్తే తగ్గించడం, నిశ్శబ్దం వస్తే పెంచడం, వెనక రొదని నొక్కేయడం దాని పని. కాల్‌కి అది వరం, పాటకి శాపం. ఆండ్రాయిడ్ 7 నుంచి ఈ సవరింపులేవీ లేకుండా మైకు ధ్వనిని ఉన్నదున్నట్టు తీసుకునే సౌకర్యం ఇచ్చారు. రికార్డింగ్ యాప్ సెట్టింగుల్లో ఆ ఆప్షన్ ఉంటే పెట్టి చూడండి. కొన్ని ఫోన్లు దాన్ని లెక్కచేయవు.

షాట్‌గన్ వద్దు. మీ తమ్ముడిది మంచి మనసే గానీ ఆ సరంజామా పెళ్లి మండపానికి పనికొచ్చేది. షాట్‌గన్ ఒక్క వైపే చూస్తుంది. మీ పెద్దమ్మ జట్టు వరసగా వంగి, కదులుతూ పాడుతుంది. మైకు ఎవరి మీద పెడతారు? పైగా ఒకవైపే వినే మైకుల్ని గాలి ఇంకా ఎక్కువ ఏడిపిస్తుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ కండెన్సర్ మైకుకి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే రికార్డరు నుంచి వైరులోనే మైకుకి వెళ్లే కరెంటు కావాలి, అది రికార్డరు బ్యాటరీలని తాగేస్తుంది. మైకు, వైరు, స్టాండు, బరువైన రికార్డరు ఇన్ని మోస్తూ గట్టు మీద ఒంటరిగా నడవడం నా వల్ల కాలేదు. మీకూ వద్దు.

మైకులు లోపలే ఉన్న చిన్న రికార్డరు కొనండి. మీ డబ్బుకి రెండు దారులున్నాయి. ఒకటి టాస్కామ్ డీఆర్-05ఎక్స్. దీని మైకులు అన్ని వైపుల నుంచీ సమానంగా వింటాయి. రెండోది జూమ్ హెచ్1ఎన్, లేదా 2024లో వచ్చిన హెచ్1 ఎసెన్షియల్. వీటి మైకులు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ ముందు వైపు చూస్తాయి. కళ్లు మూసుకుని వింటే ఎవరు ఎడమన ఉన్నారో, ఎవరు కుడినో రెండో రకంలో బాగా తెలుస్తుంది. మొదటి రకానికి గాలి బాధ, చేతిలో పట్టుకున్నప్పటి కరకర తక్కువ. పొలానికైతే నా ఓటు మొదటి రకానికే. మీరు దేన్ని కొన్నా వెనక కెమెరా ట్రైపాడ్ మర ఉంటుంది.

అసలు డబ్బు పెట్టాల్సింది గాలి తగలకుండా మైకుకి వేసే బొచ్చు తొడుగు మీద. రికార్డరుతో వచ్చినా విడిగా కొన్నా, స్పాంజి ఇంట్లో ఊపిరికి, ఫ్యాను గాలికి సరిపోతుంది. గట్టు మీద గాలికి అది ఆగదు. పొడవాటి బొచ్చున్న తొడుగే కావాలి. చాలామంది లో-కట్ (కింది స్వరాలు కోసేసే సెట్టింగు) నొక్కేస్తే గాలి పోతుందనుకుంటారు. గాలి దెబ్బకి మైకు దగ్గరే ధ్వని పగిలిపోయాక కింది స్వరాలు కోసేసి లాభం లేదు. పగిలింది పగిలినట్టే ఉంటుంది. దుకాణంలో దొరక్కపోతే కుట్టించుకోవచ్చు. చిన్నపిల్లల బొమ్మలకి వాడే బొచ్చు గుడ్డ తీసుకుని, నోటికి ఆనించి ఊదండి. ఊపిరి అవతలికి పోతే పనికొస్తుంది. పోకపోతే వెనక రబ్బరు పూత ఉన్నట్టు, అది పాటని కూడా ఆపేస్తుంది.

ఇంకో మాట. ఊడ్పులప్పుడు వెనక్కి నడుస్తారు కదా. వెనక గట్టు మీద రికార్డరు పెడితే మీ వైపే వస్తారు గానీ గొంతులు అవతలికి, వీపులు మీకు. ఎదర పెడితే గొంతు వస్తుంది గానీ నిమిష నిమిషానికీ దూరమవుతారు. పక్క గట్టు మీద, వరస ఎటు వైపు నుంచి ఎత్తుకుంటుందో అటు పెట్టండి. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు కాబట్టి ఎత్తుకునే మనిషికి దగ్గరగా ఉండటం ముఖ్యం. వీలైతే గెడకర్రకి రికార్డరు కట్టి మీరే బురదలో దిగి పక్కన నడవండి. నాలుగు మీటర్ల నుంచి రెండు మీటర్లకి వస్తే పాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది, చుట్టూ రొద మాత్రం అంతే ఉంటుంది. లక్ష రూపాయల మైకుని దూరంగా పెట్టినా అది రాదు.

సెట్టింగు: వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ధ్వని ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఏ కూడా పాత టేపుల్ని డిజిటల్ చేసేవాళ్లకి కనీసం అంతే చెప్తుంది. గంటకి సుమారు ఒక జీబీ అవుతుంది. ఎంపీ3లో తీయొద్దు, తర్వాత కావాలంటే చేసుకోవచ్చు. పెద్ద గొంతుకి మీటరు -12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టి, ఇక దాన్ని ముట్టుకోకండి. ఆటో లెవెల్ ఆపేయండి, లేకపోతే మళ్లీ మీ ఫోన్ కథే.

గాలి లేని వేళ తెల్లవారుజాము. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రం గాలి మొదలవుతుంది, ఆ తర్వాత మీరు ఎంత బొచ్చు తొడిగినా కష్టమే.

చెరువుగట్టు

పాతటేపు గారు, మిగతాదంతా ఒప్పుకుంటాను గానీ తెల్లవారుజాము దగ్గర ఆగాలండి. నాకు భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గేది సరిగ్గా తెల్లారబోయే ముందే. అప్పుడు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ తిరుగుతుంటాయి. నీళ్లని చప్‌చప్‌మని కొట్టే చక్రాలు, పైన మోటార్ల గుయ్‌మనే రొద. కరెంటు పోతే జనరేటర్లు. రాత్రి నిశ్శబ్దంలో అది చాలా దూరం పోతుంది. చేతిలో ఎంత మంచి రికార్డరున్నా దాన్నే పడుతుంది.

ఎండ వచ్చి నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇవ్వడం మొదలయ్యాక మేం కొన్ని కట్టేస్తాం. అంటే మేం కట్టేశాక, సముద్రం గాలి లేవకముందు ఒక సందు ఉంటుంది. మా వైపు ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య. అక్కా, మీ చేను పక్కన చెరువుంటే వాళ్లనే వెళ్లి అడగండి, ఎన్నింటికి ఆపుతారో. ఒక పూట ముందు చెప్తే మాలాంటోళ్లం అరగంట అటూ ఇటూ సర్దుతాం, రొయ్యకి ఇబ్బంది లేకపోతే.

కోరంగి_చెవులు

నేను హెచ్1 ఎసెన్షియల్ వైపు. దానిలో లెవెల్ పెట్టే నాబ్ అసలు లేదు. 32-బిట్ ఫ్లోట్ కాబట్టి చిన్న చప్పుడు, పెద్ద చప్పుడు రెండూ ఫైల్లో ఉంటాయి, ఇంటికొచ్చాక పెంచుకోవడమో తగ్గించుకోవడమో చేయొచ్చు. చేతికి బురద, నెత్తిన ఎండ, పక్కన పెద్దమ్మ ‘అయిందా?’ అని అడుగుతుంటే మీటరు చూసే టెన్షన్ ఎవరికి కావాలి? ఫైలు కొంచెం పెద్దది, 48 కిలోహెర్ట్జ్‌లో గంటకి 1.4 జీబీ దాకా.

ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి. ఈ ధరలో ఏ రికార్డరైనా సొంత మైకులతో మెత్తటి చప్పుళ్లకి సన్నగా బుసకొడుతుంది. మడ అడవిలో దూరంగా లకుముకి పిట్ట అరుపు పట్టాలంటే నాకు చాలలేదు. పాటకి, రేవుకి అది మీకు వినపడదు. తర్వాతెప్పుడైనా పక్షుల మీదికి మనసుపోతే ప్రిమో ఈఎం272 క్యాప్సూల్‌తో (మైకులో ధ్వనిని పట్టే ముక్కతో) చేసిన చిన్న మైకులు చూడండి. సొంత రొద 14 డెసిబెల్సే. పైన చెప్పిన రికార్డర్లన్నిటికీ ఉన్న 3.5 మిల్లీమీటర్ల సాకెట్‌లోనే పెట్టుకోవచ్చు, ఫాంటమ్ అక్కర్లేదు. అందుకే ఇప్పుడు చిన్నది కొనడం దండగ కాదు.

ఫోన్‌ని కూడా పక్కన పడేయకండి. బోయా బీవై-ఎం1 లాంటి వైరు మైకు వెయ్యి రూపాయలకి అటూ ఇటూగా దొరుకుతుంది, వైరు ఆరు మీటర్లు. ఎత్తుకునే మనిషి జాకెట్టుకి తగిలించి, ఫోన్ ఆవిడ నడుముకే కట్టేయండి. రికార్డరు జట్టు మొత్తాన్నీ వింటుంది, ఇది ఆవిడ మాటల్ని వింటుంది. మొదట్లో గట్టిగా ఒక చప్పట్లు కొడితే, ఇంటికొచ్చాక ఆడాసిటీలో రెండు ఫైళ్లనీ ఆ చప్పట్ల దగ్గర కలపొచ్చు. ఆడాసిటీ ఉచితం. ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ఉత్త పొలాన్ని కూడా తీసుకోండి, రొద తగ్గించాల్సి వస్తే దానికి ఆ నమూనా కావాలి.

పాతటేపు

కాలరు మైకు వాడితే పాటకి కాదు, మాటలు రాసుకోవడానికి అనుకోండి. వంగి ఊడ్చేటప్పుడు చీర రాపిడి అంతా అందులోనే ఉంటుంది. అయినా ఐడియా బాగుంది. చరణాలు తర్వాత రాసుకునేటప్పుడు సగం మాటలు అర్థంకాక నేను పడ్డ తిప్పలు తలచుకుంటే వెయ్యి రూపాయలు ఎక్కువేం కాదు.

రేవుదారి

చాలా థాంక్సండీ. చెరువుగట్టు గారు చెప్పింది చదివాక నవ్వొచ్చింది. మా చేనుకి ఉత్తరాన చెరువే ఉంది, ఆ చప్పుడు అలవాటైపోయి నాకు ఎప్పుడూ వినపడలేదు. ఫోన్ రికార్డింగు మళ్లీ విన్నాను, కప్పల కింద అదే!

రెండు ప్రశ్నలు. ప్రభల తీర్థంలో డప్పులు, బాణసంచా, జనం కేకలు. 32-బిట్ ఫ్లోట్ అయితే దగ్గరికి వెళ్లినా ఇబ్బంది ఉండదా? పంటు మీద రికార్డరు ఎక్కడ పెట్టాలి?

కోరంగి_చెవులు

ఉంటుందండి. ఫ్లోట్ కాపాడేది ఫైలుని. చప్పుడు మైకు తట్టుకునేదాన్ని దాటితే మైకే పగులుతుంది, అప్పుడు ఏ బిట్టూ కాపాడదు. హెచ్1ఎన్‌కి ఆ హద్దు 120 డెసిబెల్స్. డప్పు పక్కనే నిలబడితే, లేదా బాణసంచా దగ్గర్లో పేలితే అది పెద్ద దూరం కాదు. జనం వెనక నిలబడండి. గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటేటప్పుడు ఒడ్డున ఎత్తైన చోటు దొరికితే నీళ్లు, కేకలు, డప్పు అన్నీ కలిసి వస్తాయి. చోటు కోసం చాలా ముందు వెళ్లాలి.

పాతటేపు

పంటు చెక్కల మీద మాత్రం ట్రైపాడ్ పెట్టకండి. ఇంజను అదురు కాళ్ల గుండా ఎక్కి బొయ్యిమని ఒకటే మోత. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి దాని మీద ఉంచండి, లేదా మోచేయి ఒంటికి ఆనించకుండా చేత్తో పట్టుకోండి. ఇంజనుకి దూరంగా, నీళ్లు అంచుకి కొట్టుకునే వైపు. మోటారు సైకిళ్లు దిగేటప్పుడు రేకు పలక మీద వచ్చే ధనధన వదులుకోకండి, రేవు అంటే అదే.

ఏసీ కారులోంచి తీసి వెంటనే ఆన్ చేయొద్దు. మన తేమకి మైకు మీద చెమట పడుతుంది. సంచిలోనే పావుగంట ఉంచి తీయండి. ఇంటి దగ్గర డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు. అంతర్వేది వెళ్తే వచ్చాక ఉప్పుగాలి పోయేలా పొడిగుడ్డతో తుడవండి.

రేవుదారి

డీఆర్-05ఎక్స్‌కే మొగ్గుతున్నానండి. రెండు పెన్సిల్ సెల్లులతో పనిచేస్తుంది, అవి మా ఊరి కొట్లో కూడా దొరుకుతాయి. మిగిలిన డబ్బుతో కాలరు మైకు, మెమరీ కార్డు. బొచ్చు తొడుగు మా వీధి టైలరమ్మ కుడతానంది. గుడ్డ ఎంత తీసుకోవాలి? రీచార్జబుల్ సెల్లులు వాడొచ్చా?

పాతటేపు

వాడొచ్చు. మెనూలో బ్యాటరీ రకం దగ్గర నికెల్ హైడ్రైడ్ అని మార్చండి. ఆ సెల్లు 1.2 వోల్టులే ఇస్తుంది, మార్చకపోతే మీటరు నిండుగా ఉన్నదాన్ని కూడా సగం చూపించి కంగారు పెడుతుంది. జేబులో ఇంకో జత ఉంచుకోండి.

గుడ్డ పావు మీటరు చాలు. మైకులకీ గుడ్డకీ మధ్య వేలెడంత ఖాళీ ఉండాలి, అతుక్కుపోయేలా కుట్టొద్దని చెప్పండి. లోపల ఆ స్పాంజి తొడుగే ఉంచి పైన ఇది వేస్తే ఖాళీ దానంతట అదే వస్తుంది. కింద ఎలాస్టిక్ పెట్టమనండి, బటన్లూ స్క్రీనూ మూసుకుపోకుండా.