ప్రేమికులు చావాల్సిందేనా? దేవదాసు మీద మొదలైన చర్చ

దేవరకొండ పాఠకుడు:
నల్లగొండలో కొందరం నెలకోసారి కూడి ఒక పాత సినిమా చూసి మాట్లాడుకుంటాం. ఈసారి 1953 నాటి ‘దేవదాసు’. అయిపోయాక ఒకాయన కళ్లు తుడుచుకుంటూ, “ప్రేమకథ అంటే ఇలా ఉండాలి, కలిసిపోతే అది పెళ్లికథ” అన్నారు. గదిలో సగం మంది తలూపారు. నాకు మింగుడుపడలేదు. నా వాదన ఇక్కడ పెడుతున్నాను, కాదనేవారు కాదనండి.

ప్రేమికులు చచ్చి తీరాలన్న నియమం మన సాహిత్యానిది కాదు. నలదమయంతులు కలిశారు, ఉషానిరుద్ధులు కలిశారు. ఋగ్వేదం పదో మండలం 95వ సూక్తంలో పురూరవుడు ఎంత బతిమాలినా ఊర్వశి తిరిగి రానంటుంది. కాళిదాసు అదే కథ తీసుకుని, రాజు బతికున్నంత కాలం ఆమె తోడుండేలా ఇంద్రుడి చేత ఒప్పించాడు. రామాయణంలో సీత భూమిలోకి వెళ్లిపోతే, భవభూతి ఉత్తరరామచరితంలో ఇద్దరినీ కలిపి తెర దించాడు. చేతికొచ్చిన విషాదాన్ని కూడా చెరిపి రాసుకున్నవాళ్లం మనం. అరబ్బు ఎడారిలో పుట్టిన లైలా మజ్నూను నిజామీ 1188లో పారశీకంలో కావ్యం చేశాడు. రోమియో జూలియట్ ఇంగ్లండు నుంచి వచ్చింది. శరత్ ‘దేవదాసు’ 1917లో బెంగాలీలో అచ్చయింది. చావుతోనే ప్రేమ గొప్పదవుతుందన్న రుచి ఇలా బయటి నుంచి వచ్చి, సినిమా హాళ్ల ద్వారా మనకు అలవాటైంది.

పిల్లలమర్రి నీడ:
మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్నాను, తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన వాడిని. మీ జాబితా బాగుంది, తీర్పే తొందరపడింది.

మీ పాత నల్లగొండ జిల్లాలోని రాచకొండనే తీసుకోండి. పద్నాలుగో శతాబ్దంలో ఆ కోటలో ఉండి పాలించిన సింగభూపాలుడు ‘రసార్ణవసుధాకరం’ అనే అలంకార గ్రంథం రాశాడు. ప్రేమికుల ఎడబాటును విభజిస్తూ అందులో కరుణ విప్రలంభానికీ చోటిచ్చాడు. ఇద్దరిలో ఒకరు మరణించినా, మళ్లీ బతికి వస్తారన్న ఆశతో రెండోవారు ఎదురుచూసే స్థితి అది. బాణుడి సంస్కృత గద్యకావ్యం కాదంబరి చూడండి. పుండరీకుడు విరహంతోనే ప్రాణం విడుస్తాడు. అతన్ని ప్రేమించిన మహాశ్వేత అచ్ఛోద సరస్సు ఒడ్డున తపస్సు చేస్తూ ఎదురుచూస్తుంది. కొంతకాలానికి కాదంబరి ప్రియుడు చంద్రాపీడుడూ పోతాడు. చివరికి ఇద్దరూ లేచి వస్తారు. కాబట్టి మనవాళ్లకు చావుతో పేచీ లేదు. చావు దగ్గరే కథ ఆపడానికి మాత్రం వాళ్లు ఇష్టపడలేదు.

ఇంకొకటి. కృష్ణ దాటితే పల్నాడు. బాలచంద్రుడు భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకుని కారంపూడి రణానికి వెళ్లి తిరిగి రాలేదు. దాన్ని మన జనం శతాబ్దాలుగా పాడుకుంటున్నారు, కానీ వీరగాథగా పాడుకున్నారు. విషాద ప్రేమ మన దగ్గర లేదని కాదు, వేరే అరలో పెట్టాం.

సాగర్ ఎడమ కాలువ:
పెద్దలిద్దరికీ నమస్కారం. మీరు గ్రంథాల్లో వెతుకుతున్నారు, నేను ఉండేది మిర్యాలగూడ దగ్గర.

2018 సెప్టెంబరులో మా పట్టణంలో గర్భవతి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించి బయటికి వస్తున్న యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. అతను దళితుడు, ఆమె కాదు. డబ్బు పెట్టి చేయించింది ఆమె తండ్రేనని పోలీసుల అభియోగం. తీర్పు రాకముందే, 2020లో ఆయన చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఇవి జరిగిన సంగతులు. మరి ఆ వారం టీ కొట్టు దగ్గర, పెళ్లిళ్లలో నా చెవిన పడ్డ మాటలు ఏమిటి? “విధిరాత.” “రాసిపెట్టి ఉంది పాపం.” “అచ్చం సినిమాలా అయిపోయింది.”

నా కోపం ఆ మూడో మాట మీద. మనిషిని పెట్టి చేయించిన హత్యకు, అడ్వాన్సు పుచ్చుకుని చేసిన పనికి నక్షత్రాలతో ఏం సంబంధం? విషాద ప్రేమకథ మనకిచ్చిన సౌకర్యం ఇదే. నేరస్తుడు ఎదురుగా ఉన్నా మనం ఆకాశం వైపు చూస్తాం. దేవదాసు కథలో విధి ఎక్కడుంది చెప్పండి. ఇంటి గొప్ప చూసుకుని పెళ్లి వద్దన్నది కన్నవాళ్లు. కలకత్తా పారిపోయి, ప్రేమ లేదన్నట్టు ఉత్తరం రాసింది దేవదాసే. ఆ ఉత్తరం విధి రాయలేదు.

రాత్రి బస్సు:
అన్నా, మీ కోపం న్యాయమే. కానీ తప్పు ముగింపుది కాదు. ‘మరోచరిత్ర’ (1978)లో ఏడాదిపాటు ఒకరినొకరు చూడకూడదని షరతు పెట్టింది పెద్దలు. చివర్లో ప్రేమికులు చనిపోయారు కాబట్టే ఆ షరతు ఎంత క్రూరమో మనకు గుర్తుంది. వాళ్లను కలిపేసి ఉంటే ఆ పెద్దలే ముందు వరుసలో కూర్చుని అక్షింతలు వేసి, పెళ్లిభోజనం చేసి వెళ్లేవాళ్లు. ఎవరికీ ఏ మచ్చా అంటేది కాదు.

రోమియో జూలియట్‌నే తీసుకోండి. ప్లేగు భయంతో దూతను ఒక ఇంట్లో బంధిస్తే ఉత్తరం అందలేదు. మొదట్లో నక్షత్రాల ప్రస్తావన ఉన్న మాటా నిజమే. అయినా చివర్లో రాజు రెండు కుటుంబాల పెద్దలనూ నిలబెట్టి, మీ పగ ఏం చేసిందో చూడండని అడుగుతాడు. వాళ్లు చావకపోతే ఆ ప్రశ్న వేసే సందర్భమే లేదు. అదే షేక్‌స్పియర్ దాదాపు అవే రోజుల్లో, రోమన్ కవి ఓవిడ్ చెప్పిన పిరమస్, థిస్బీ అనే ప్రేమికుల చావును మరో నాటకంలో పనివాళ్ల చేత ఆడించి జనాన్ని కడుపుబ్బ నవ్వించాడు. చావు ఉన్నంత మాత్రాన గొప్ప అయిపోదని ఆయనకూ తెలుసు.

గద్వాల జరీ:
నాకు అర్థం కానిది, అందరూ దేవదాసు చావు గురించే మాట్లాడటం. పార్వతి బతికింది కదా! తనకంటే బాగా పెద్దవాడైన జమీందారుకు రెండో భార్యగా వెళ్లి, తన ఈడు సవతి పిల్లలున్న ఇంటిని చక్కదిద్దింది. చివరికి ఆ ఇంటి గడప దాటనివ్వలేదు ఆమెను. ఆ మర్నాడు ఆమె ఏం చేసింది? ఎవరూ అడగరు. తాగి చనిపోయినవాడికి పాటలు, వంట చేసుకుంటూ మిగిలిన ఆడదానికి ఒక్క దృశ్యం కూడా లేదు.

ఇక దేవరకొండ పాఠకుడు గారికి. కలిపి ముగిస్తే న్యాయం జరిగినట్టేనా? మహాభారతంలో శకుంతల కొడుకును తీసుకుని సభకు వస్తే, దుష్యంతుడికి అన్నీ గుర్తున్నాయి. గుర్తుండే, ఎరగనని బుకాయిస్తాడు. ఆమె నిండుసభలో అతన్ని కడిగేస్తుంది. కాళిదాసు మధ్యలో దుర్వాసుడి శాపం తెచ్చి పెట్టాడు, ఉంగరం తెచ్చి పెట్టాడు. రాజు నిర్దోషి అయ్యాడు, తప్పు ఒక ముని కోపానికీ ఒక చేపకీ పోయింది. చావు ముగింపు నేరాన్ని విధి మీదకు నెడుతుందని సాగర్ గారు అంటున్నారు. మన సుఖాంతం కూడా అదే పని చేసింది, ఇంకా అందంగా. కాబట్టి ముగింపు ఎలా ఉందని కాదు, మొదటి అబద్ధం ఎవరు చెప్పారో కథ దాచిందా లేదా అని చూస్తాను నేను.

పిల్లలమర్రి నీడ:
అమ్మా, శాపం మీద మీ మాట కాదనను. అయితే ఆ శాపం ఉండబట్టే నాలుగో అంకం తర్వాత ప్రేక్షకుడు శకుంతలతో పాటు నలిగిపోతాడు. ఆమెకు తెలియనిది మనకు తెలుసు. నిందితుణ్ణి చూపించడం ఒక్కటే సాహిత్యం పని అయితే పోలీసు డైరీ చాలు కదా.

సరే, మన నేల మీది కథే ఒకటి. నల్లమలలో చెంచులు నరసింహస్వామిని తమ అల్లుడంటారు. అడవిపిల్ల చెంచులక్ష్మిని దేవుడు మనువాడాడు. తిరుపతి వెంకన్నకు బీబీ నాంచారమ్మ ఉంది. జాతి దాటిన ప్రేమ, మతం దాటిన ప్రేమ. ఎవరూ చావలేదు, ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి. ఇవి కూడా మన జనం కట్టుకున్నవే.

సాగర్ ఎడమ కాలువ:
సార్, ఆ రెండు కథల్లో పెళ్లికొడుకు ఎవరు? దేవుడు. పైనున్నవాడు కిందికి దిగి పిల్లను తెచ్చుకుంటే మన వాళ్లు కల్యాణం చేస్తారు. కిందనున్న పిల్లవాడు పైకి చెయ్యి చాస్తే కథ ఎలా ఉంటుందో గ్రామదేవతల కథల్లో ఉంది. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ వందేళ్ల కిందట రాసి పెట్టిన కథ ఒకటి, కొద్ది తేడాలతో మన పల్లెల్లోనూ చెబుతారు. దళితుడు ఒకడు బ్రాహ్మణుణ్ణని నమ్మించి బ్రాహ్మణ పిల్లను పెళ్లాడతాడు. నిజం తెలిసి ఆమె నిప్పులో పడి దేవత అవుతుంది. అతను దున్నపోతై పుట్టి ఏటా జాతరలో బలి అవుతాడు. గమనించండి, ఆ కథలో ప్రేమ అన్న మాటే లేదు, మోసమే ఉంది. ఆ పిల్ల ఇష్టపడి చేసుకుని ఉండవచ్చన్న ఊహను కూడా కథకుడు రానివ్వలేదు.

దేవరకొండ పాఠకుడు:
ఇదంతా విన్నా నా ఓటు కలిపే కథలకే. శకుంతల విషయంలో గద్వాల జరీ గారు చెప్పింది ఒప్పుకుంటూనే అంటున్నాను. ప్రేమించినవాళ్లు బతికి బట్టకట్టగలరని వెయ్యి కథలు చెప్పిన సమాజంలో పుట్టిన పిల్లలకు, చావే గౌరవం అని విన్న పిల్లలకు తేడా ఉండదా? శాపం తీసేసి కలిపే కథ రాయవచ్చు కదా. ప్రత్యేక వివాహ చట్టం 1954లో వచ్చింది. పెళ్లికి ముందు ముప్పై రోజులు నోటీసు గోడకు అంటిస్తారు, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవచ్చు. ఆ ముప్పై రోజులు చాలు మంచి రచయితకు. దుర్వాసుడి అవసరం లేదు.

సాగర్ ఎడమ కాలువ:
రచయితకు చాలు, పిల్లవాడి ప్రాణానికే ఆ ముప్పై రోజులు గండం. ఆ గోడ చూసేది రచయితలు మాత్రమే కాదు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకు జిల్లా కేంద్రాల్లో రక్షణ గృహాల సంగతి ఆలోచించమని రాష్ట్రాలకు చెప్పింది. ఆ తర్వాత ఆరు నెలలకే మా ఊరి హత్య.

గద్వాల జరీ:
అలాంటి గృహంలో తలదాచుకున్న ఒక జంట కథ కావాలి నాకు. ఆమె తల్లికి ఫోను చేయాలా వద్దా అని ఆలోచించడం, అతను పని వెతుక్కోవడం, ఇద్దరూ కూరలో ఉప్పు తక్కువైందని పోట్లాడుకోవడం. ఎవరైనా రాస్తే ముందు నేనే చదువుతాను.

రాత్రి బస్సు:
చదువుతారు సరే అక్కా. సినిమాగా తీస్తే టికెట్టు కొంటారా, లేక మళ్లీ ‘దేవదాసు’ పెట్టుకుని ఏడుస్తారా?