దాతలిచ్చే జీతాల నుంచి ప్రభుత్వ జీతాల్లోకి: అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?

నమస్కారమండీ. తిరుపతిలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చదువుతున్నాను. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పటి నుంచి మలావీ, మొజాంబిక్ లాంటి ఆఫ్రికా దేశాల్లో ఆ సాయంతో జీతాలు అందుకున్న హెచ్‌ఐవీ కౌన్సెలర్ల గురించే నా ప్రాజెక్టు. వాళ్లను అక్కడి ప్రభుత్వాలే ఉద్యోగాల్లోకి తీసుకోవాలని అందరూ అంటున్నారు. కానీ చాలా పోస్టులు ప్రభుత్వ కేడర్‌లోనే ఉండవు, దాతలిచ్చే జీతం సర్కారు స్కేలు కంటే ఎక్కువ కూడా. మరి ఎలా?

మన దగ్గర గేట్స్ ఫౌండేషన్ 2003లో మొదలుపెట్టిన అవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమాన్ని దశలవారీగా ప్రభుత్వానికి అప్పగించారు కదా. మా వీధిలో ఒక అక్క అప్పట్లో లారీలు ఆగేచోట కండోమ్‌లు పంచి, భయపడేవాళ్లను చేయి పట్టుకుని పరీక్షకు తీసుకెళ్లేది. అలాంటి పనికి పరీక్ష రాసి చేరే పోస్టు ఏముంటుంది? ఆ అప్పగింతలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? జీతం తగ్గిందా, మనుషులు నిలిచారా? ఆఫ్రికాలో చేసినవాళ్లు రాసినా చాలా మేలు.