ఈ వారం సమస్య: ఎండ కాసెనంచుఁ గుమిలి యేడ్చె నతడు

నిర్వాహకుడు (అనంతపురం):
ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఇంటర్ రిజల్ట్స్ టెన్షనేమో అనుకున్నా. కాదట, జపాన్ వాళ్ళ బొమ్మల సినిమా. ఏమైందమ్మా అంటే "ఎండొచ్చింది నాన్నా" అంది. బయట 42 డిగ్రీలు. నవ్వాపుకోలేకపోయాను, తిట్లు తిన్నాను. సాయంత్రానికి ఈ పాదం తగిలింది. ఇది నాలుగో పాదం; వింతగా వినిపించే ఈ మాటకు అర్థం కుదిరేలా మిగతా మూడూ మీరు పూరించాలి.

*ఎండ కాసెనంచుఁ గుమిలి యేడ్చె నతడు*

బెళుగుప్ప మాస్టారు:
దీన్ని సమస్య అంటే కోనసీమ వాళ్ళు ఒప్పుకుంటారేమో గానీ మన జిల్లాలో ఒప్పుకోరు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే చోట ఎండ కాస్తే ఏడవక ఏం చేస్తారు? ఇది వార్త. అయినా అడిగారు గనుక:

విత్తుకొన్నట్టి చెనకాయ వేరు మాడ
మబ్బు వచ్చియుఁ గురియక మరలిపోవ
నప్పు తీర్చెడి దారి లేదనుచు రైతు
ఎండ కాసెనంచుఁ గుమిలి యేడ్చె నతడు

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
మాస్టారూ, రెండో పాదం బ్రహ్మాండం. మబ్బు వచ్చి మరలిపోవడం చూసిన కన్ను రాసిన పాదం అది. కానీ మూడో పాదంలో రైతు ఏడ్చాడు, నాలుగో పాదంలో అతడు ఏడ్చాడు. ఇద్దరా? పైగా "రైతు", "ఎండ" మధ్య సంధి మింగేశారు, "రైతెండ" అని కలవాలి. ఊళ్ళో పిల్లలకు ఉత్వసంధి చెప్పి రిటైరైన వారు మీరే కదా.

బెళుగుప్ప మాస్టారు:
రైతును తీసి "వగచి" పెట్టుకోండి.

హంద్రీ ఒడ్డు:
వగచి, కుమిలి, ఏడ్చె. ఒక్క మనిషికి మూడు ఏడుపులు.

బెళుగుప్ప మాస్టారు:
అప్పున్నవాడికి మూడు ఎక్కువ కాదు.

గడియార స్తంభం:
"చెనకాయ" చూసి ప్రాణం లేచొచ్చింది మాస్టారూ. మనం నోటితో అనే శెనక్కాయ అలాగే పెడితే గణం నిలబడదు, అందుకే ఆ క్కా వదిలేశారని అర్థమైంది.

చిత్రావతి:
నిర్వాహకుల అమ్మాయి చూసింది "వెదరింగ్ విత్ యూ" అయి ఉంటుంది. మకోటో షింకాయ్ తీశాడు, 2019 జులైలో జపాన్‌లో వచ్చింది, అదే అక్టోబర్‌లో మన థియేటర్లలోనూ ఆడింది. ధర్మవరంలో రాలేదు లెండి, నేను బెంగళూరు హాస్టల్లో ఉన్నప్పుడు చూశాను. అందరూ రైతు మీదే రాస్తారని తెలుసు కాబట్టి నేను ఆ అబ్బాయి మీదే రాశాను.

"వాన నాపనా?" యని బాల పలుకునంత
"ఔ"నటంచును బాలకుం డనిన మాట
తెల్లవారఁగ నామెను దివికిఁ జేర్చె;
నెండ కాసెనంచుఁ గుమిలి యేడ్చె నతడు

బెళుగుప్ప మాస్టారు:
ధార బాగుందమ్మా. కథ తెలియని వాడికి మాత్రం అర్థం కాదు. వాన ఆపితే ఆమె దివికి ఎందుకు పోతుంది? పదహారేళ్ళ వాణ్ణి బాలకుడు అనడం కూడా కొంచెం ఇబ్బందే.

చిత్రావతి:
కథ చెప్తాను మాస్టారూ. చూడాలనుకునేవాళ్ళు ఇది దాటేయండి. అబ్బాయి హొదాకా, దీవిలో ఇంటి నుంచి పారిపోయి టోక్యో వస్తాడు. అమ్మాయి హినా. తల్లి పోయింది, తమ్ముణ్ణి తనే సాకుతుంటుంది. టోక్యోలో ఆగని వాన. ఆమె చేతులు జోడించి మొక్కితే ఆ చోట మాత్రం ఎండ వస్తుంది. ఇద్దరూ కలిసి దాన్నే చిన్న వ్యాపారంలా నడుపుతారు. మొక్కిన ప్రతిసారీ ఆమె ఒళ్ళు కొంచెం కొంచెం నీళ్ళలా పారదర్శకమైపోతుంది. ఆ సంగతి అతనికి తెలియదు.

పోలీసులు వెతుకుతున్నారని ముగ్గురూ ఒక హోటల్ గదిలో దాక్కుంటారు. నూడుల్స్ తిని, పాటలు పాడుకుంటారు. ఇంకేమీ ఇవ్వొద్దు, ఉన్నదేదీ తీసుకోవద్దు అని అబ్బాయి మనసులో మొక్కుకుంటాడు. ఆ రాత్రే ఆమె అడుగుతుంది, ఈ వాన ఆగిపోవాలని ఉందా అని. అతను ఊ అంటాడు. ఎవరైనా అదే అంటారు కదా! తెల్లారేసరికి ఎండ ఉంది, ఆమె లేదు.

నాకు ఏడుపు తెప్పించింది ఆమె పోవడం కాదు, ఆ "ఊ". అందుకే రెండో పాదం మొత్తం దానికే ఇచ్చాను.

గడియార స్తంభం:
ఆగస్టులో మంచు కురవడం మర్చిపోయావమ్మా. ఉంగరం ఆకాశంలోంచి నీళ్ళగుంటలో పడటం కూడా. మా వాడు అక్కడ దిండుకు మొహం అడ్డం పెట్టుకున్నాడు.

హంద్రీ ఒడ్డు:
రాత్రి నేనూ చూశాను. సబ్‌టైటిల్స్ చదివే సరికి కళ్ళు గుంజాయి, అది వేరే సంగతి. చిత్రావతి పట్టింది సరైన చోటే గానీ, నాకు అంతకంటే లోతు ఇంకొకటి తగిలింది. ఆమె తనకు పద్ధెనిమిది రాబోతున్నాయని చెప్పి ఉంటుంది. వీడు అక్కా అన్నంత మర్యాదగా మసలుతాడు. పోలీసు కారులో తెలుస్తుంది, ఆమెకు పదిహేనే అని. అంటే ముగ్గురిలో పెద్దవాడు తనే. అక్కడ వాడు ఏడ్చే ఏడుపు చూడండి.

పెద్ద దని తలచిన యామె పిన్న దనుచు
కారులోనఁ బోలీసులు కథను విప్పఁ
బెద్దవాఁడను నేనె కాపాడనైతి
ఎండ కాసెనంచుఁ గుమిలి యేడ్చె నతడు

బెళుగుప్ప మాస్టారు:
మూడో పాదం ఇంకోసారి చదవండి స్వామీ. నిదానంగా.

చిత్రావతి:
అయ్యో సార్, యతి! పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరం జత కుదరాలి కదా, "పె"కు "పా" పడింది. హల్లు కుదిరింది, అచ్చు కుదరలేదు.

బెళుగుప్ప మాస్టారు:
నేననలేదు, ఆ పిల్లే అంది. నా ఉత్వసంధి మీద నిన్న పాఠం చెప్పినాయన యతిలో జారాడని నేనెందుకంటాను?

హంద్రీ ఒడ్డు:
ఒప్పుకున్నా. రాత్రి ఒంటిగంటకు రాసింది. ఇలా మార్చుకోండి:

*కావవలసిన పెద్దను గాదె యనుచు*

గడియార స్తంభం:
అనుచు, యనుచు, అంచు. ఏడుపులు మూడు ఎక్కువన్నాయన పద్యంలో "అను"లు మూడు!

నిర్వాహకుడు:
సవరించిన పాదమే బాగుంది. మొదటిది ఫిర్యాదు, ఇది నేరం ఒప్పుకోవడం. మా అమ్మాయికి చదివి వినిపించాను. పోలీసులకు అరసున్న తర్వాత "బోలీసులు" ఏమిటి నాన్నా అని నవ్వింది. కారు సీన్ మాత్రం కరెక్టే అంది.

ఆ తమ్ముడు తెల్లబొమ్మ వేషం వేసుకుని తిరుగుతాడు కదా, అదేమిటో ఎవరికైనా తెలుసా?

చిత్రావతి:
తెరు తెరు బోజు అంటారు. వాన ఆగాలని చూరుకు కట్టే గుడ్డబొమ్మ. తలకిందులుగా కడితే వాన రావాలని.

గడియార స్తంభం:
అనంతపురం జిల్లాకు ఒక లారీ లోడు పంపమనండి, అన్నీ తలకిందులుగా కడతాం. మనకు ఇన్నాళ్ళూ కప్పలే దిక్కు.

బెళుగుప్ప మాస్టారు:
కప్పలంటే గుర్తొచ్చింది. పోయిన శ్రావణంలో కప్పల పెళ్ళి మీద హంద్రీవారి పూరణ ఎవరికైనా జ్ఞాపకముందా? *కప్ప పెండ్లికి మేఘుండు కట్న మిచ్చె!* మేఘుండు ఎవరయ్యా? మేఘం అమహద్వాచకం, మగవాడికి చేర్చినట్టు "ండు" చేర్చకూడదు. "మేఘమ్ము" అని ఉంటే గణం కూడా చెక్కుచెదరదు. అప్పుడు అడిగితే జవాబివ్వకుండా జారుకున్నారు.

గడియార స్తంభం:
మేఘుండుగారికి పంచె, కండువా కూడా ఉన్నట్టు గుర్తు.

హంద్రీ ఒడ్డు:
జవాబు ఇవ్వాలంటే ఇంకో పద్యం పెట్టాలి. ఇది ఈ వారం రాసింది కాదు. మూడు పాదాలు చాలా ఏళ్ళుగా నా దగ్గర ఉన్నాయి, నాలుగోది దొరకలేదు. నిర్వాహకులు ఇప్పుడిచ్చారు.

బురద నిండిన పొత్తముల్ పూని పరచి
అంటుకొన్నట్టి పుటలలో నక్షరములు
చెరిగి తాతయ్య చేవ్రాలు చెదరిపోవ
నెండ కాసెనంచుఁ గుమిలి యేడ్చె నతడు

2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊళ్ళోకి వచ్చినప్పుడు పాతబస్తీలో మా ఇల్లు మునిగింది. వాన పడుతున్నంతసేపూ ఏడవలేదు, పిల్లల్ని మిద్దె మీదికి ఎక్కించే పనే సరిపోయింది. నీళ్ళు తీసి ఎండ వచ్చాక పుస్తకాలు ఆరబెట్టాను. ఆరేకొద్దీ ఏవేవి పోయాయో కనిపించడం మొదలైంది. ఆ "అతడు" నేనే.

బెళుగుప్ప మాస్టారు:
"పూని" పాదం నింపడానికి వచ్చిన మాట అని రాయబోయాను. కొట్టేశాను.

చిత్రావతి:
తాతయ్య సంతకం ఉన్నది ఏ పుస్తకం మీద సార్?

హంద్రీ ఒడ్డు:
విరాటపర్వం అమ్మా. వానలు లేని ఏడు ఊరి గుడిలో కూర్చుని దాన్నే చదివేవాడు, వానలు పడాలని.

మాస్టారూ, మీ ప్రశ్నకు జవాబు ఇదే. మేఘమ్ము అంటే గణం సరిపోతుందని నాకూ తెలుసు. తిట్టడానికి నాకొక మనిషి కావలసి వచ్చాడు.